సన్నటి పుల్లలు, వెయ్యి కిలోమీటర్ల బరువు

సైకిలు చక్రాన్ని కాస్త దగ్గరగా చూసిన ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే అనుమానమే ఇది: ఇంత సన్నటి పుల్లలు మనిషి బరువు ఎలా మోస్తున్నాయి? మనిషి ఒక్కడే అయితే సరే. వెనక క్యారియరు మీద బియ్యం బస్తా ఉంటుంది, ముందు గొట్టం మీద పిల్లాడు కూర్చుని ఉంటాడు, హ్యాండిలుకు రెండు సంచులు వేలాడుతుంటాయి. ఇంత బరువునూ గతుకుల రోడ్డు మీద మోసుకుపోయేది రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప తీగలు.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఖరగ్‌పూర్‌లోని మలంచా లాంటి పేట మంచి చోటు. బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే పందొమ్మిదో శతాబ్దం చివరలో ఇక్కడికి వచ్చింది. దాని వెనకే పెద్ద వర్క్‌షాపు వచ్చింది. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. షిఫ్టు డ్యూటీకి సైకిలు మీద వెళ్ళడం ఈ ఊళ్ళో తరాల అలవాటు. 1951లో ఐఐటీ మొదలయ్యాక ఆ క్యాంపసు కూడా సైకిళ్ళ మీదే తిరుగుతోంది. బెంగాల్ మొత్తానికీ సైకిలంటే మమకారం ఎక్కువే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇక్కడి ఇళ్ళలో దాదాపు 79 శాతం ఇళ్ళకు సైకిలు ఉంది, దేశంలో ఇదే అందరికంటే ఎక్కువ. దేశం మొత్తం మీద చూస్తే సగం ఇళ్ళకే ఉంది. 2015లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సబుజ్ సాథీ పథకం కింద హైస్కూలు పిల్లలకు ఇచ్చిన సైకిళ్ళు కోటి దాటాయి. వీటన్నిటికీ ఏదో ఒక రోజు పంచరు పడుతుంది, చక్రం వంకర పోతుంది, చైను జారుతుంది. అందుకే వీధి మలుపులో ఓ రేకుల పందిరి, దాని కింద నీళ్ళ తొట్టి, గాలి పంపు, పానాల డబ్బా కనిపిస్తాయి. బెంగాలీ ఖాతాదారు వచ్చి చక్రానికి ‘టాల్’ పడిందంటాడు, మనవాళ్ళు ‘బెండు’ తీయమంటారు. మేస్త్రి ఇద్దరికీ చేసేది ఒకే పని. ఆ పనిలో ఎంత భౌతికశాస్త్రం ఉందో చూద్దాం.

తోస్తే వంగేది, లాగితే తెగనిది

దుకాణంలో మూల పడేసిన పాత పుల్ల ఒకటి అడిగి తీసుకోండి. దాన్ని నేల మీద నిలువుగా పెట్టి పైనుంచి అరచేత్తో నొక్కండి. రెండు మూడు కిలోల బరువు పడేసరికి నడుము దగ్గర పక్కకు వంగిపోతుంది. ఇప్పుడు అదే పుల్లను పైన కొక్కేనికి తగిలించి కింద బరువులు కడుతూ పోయామనుకోండి. ఒక మనిషి, ఇద్దరు మనుషులు, ముగ్గురి బరువు దాకా కూడా అది తట్టుకోగలదు. మంచి ఉక్కు తీగ తెగడానికి దాదాపు మూడు వందల కిలోల లాగుడు కావాలి.

సన్నగా, పొడుగ్గా ఉన్న ఏ వస్తువుకైనా ఈ గుణం ఉంటుంది. తోస్తే అది పక్కకు తప్పించుకుంటుంది. లాగితే తప్పించుకునే దారి ఉండదు, ఉన్న ఉక్కంతా పనిలోకి దిగాల్సిందే. ఎద్దుబండి చక్రం దీనికి పూర్తిగా ఎదురు. దాని ఆకులు లావుపాటి కర్రలు, బండి ఇరుసు బరువంతా కింది ఆకుల మీద నిలబడుతుంది, అవి నేలను తోస్తాయి. తోయడానికి వంగకుండా ఉండాలంటే లావుగా ఉండాలి, లావుగా ఉంటే బరువెక్కుతుంది.

తీగలను లాగుడులో పెట్టి చక్రం చేయవచ్చన్న ఆలోచన సైకిలు కంటే ముందుదే. ఇంగ్లండులో జార్జ్ కేలీ ఎగిరే యంత్రాల గురించి ఆలోచిస్తూ, వాటికి తేలికైన చక్రాలు కావాలని 1808లోనే ఈ ఊహను కాగితం మీద పెట్టాడు. 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ సైకిలుకు తీగల చక్రం చేసి పేటెంటు తీసుకున్నాడు. 1874లో జేమ్స్ స్టార్లీ పుల్లలను నేరుగా కాకుండా ఒకదాన్నొకటి దాటుకుంటూ ఏటవాలుగా కట్టే పద్ధతి తెచ్చాడు. మనం తొక్కే బలం చైను ద్వారా మొదట వెనక హబ్బుకు చేరుతుంది. హబ్బు ఆ బలంతో రిమ్మును తిప్పాలి. పుల్లలు హబ్బు నుంచి తిన్నగా వస్తే హబ్బు కాస్త మెలి తిరిగాకగానీ రిమ్ము కదలదు. ఏటవాలుగా వస్తే సగం పుల్లలు హబ్బు తిరిగే దిశలోనే రిమ్మును లాగుతాయి. మలంచాలో మన కళ్ళ ముందున్న సైకిలు వెనక చక్రం ఈ నూట యాభై ఏళ్ళ నాటి ఏర్పాటే.

బరువును మోసేది ముందే ఎక్కించిన బిగువు

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. తీగ లాగగలదే గాని తోయలేదు కదా. అలాంటప్పుడు ఇరుసు కింద ఉన్న పుల్లలు ఏం చేస్తున్నట్టు? ఎక్కువమంది చెప్పే జవాబు, ఇరుసు పై పుల్లలకు వేలాడుతోందని. వినడానికి సబబుగానే ఉంటుంది. కొలిచి చూస్తే మాత్రం పై పుల్లల్లో బిగువు దాదాపు ఏమీ మారదు. మారేదంతా నేలకు ఎదురుగా ఉన్న మూడు నాలుగు పుల్లల్లోనే. వాటి బిగువు తగ్గుతుంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి నులక మంచం చాలు. కొత్తగా అల్లిన మంచానికి కాళ్ళ వైపు తాడు బాగా లాగి బిగిస్తారు. ఎవరూ కూర్చోకముందే ఆ నులక పట్టెలను లోపలికి లాగుతూ ఉంటుంది. పట్టెలు ఎదురు తోస్తూ ఉంటాయి. మంచం ఖాళీగా ఉన్నా దానిలో ఒక పెనుగులాట నడుస్తూనే ఉంటుంది. అందుకే మనిషి పడుకుంటే కొద్దిగానే దిగుతుంది. నెలలు గడిచి నులక వదులైతే, అదే మంచం, అదే తాడు, అదే మనిషి, కానీ నడుము నేలకు తగులుతుంది. తాడు బలం తగ్గలేదు. దానిలో ముందే ఎక్కించి పెట్టిన బిగువు పోయింది. ఇంటావిడ సాయంత్రం పూట కాళ్ళ వైపు తాడు మళ్ళీ లాగి కడితే మంచం మళ్ళీ మంచమవుతుంది.

చక్రానికీ అంతే. ఒక్కో పుల్లలో అరవై కిలోల లాగుడు ఎక్కించి ఉందనుకుందాం. పుల్లలన్నీ రిమ్మును నలువైపుల నుంచీ లోపలికి లాగుతున్నాయి. రిమ్ము నొక్కుడులో ఉంది. ఇప్పుడు మనిషి ఎక్కాడు, వెనక చక్రం మీద యాభై కిలోలు పడ్డాయి. నేల రిమ్మును కింద నుంచి కొద్దిగా పైకి నెడుతుంది. ఆ చోట ఇరుసుకూ రిమ్ముకూ మధ్య దూరం వెంట్రుకవాసి తగ్గుతుంది. అక్కడి నాలుగు పుల్లల్లో ఒక్కోదానికి పన్నెండు పదమూడు కిలోల బిగువు సడలుతుంది. ఇంతకుముందు ఇరుసును కిందకు అరవై కిలోలతో లాగుతున్న పుల్ల ఇప్పుడు నలభై ఏడు కిలోలతోనే లాగుతోంది. పైవి మునుపటిలాగే పైకి లాగుతున్నాయి. ఆ తేడాయే మనిషిని మోస్తోంది. పుల్ల ఒక్క క్షణం కూడా తోయలేదు, లాగడం కాస్త తగ్గించింది, అంతే. ఈ సంగతిని అందరికీ అర్థమయ్యేలా విడమరిచి చెప్పిన పుస్తకం జాబ్స్ట్ బ్రాంట్ 1981లో రాసిన ‘ద బైసికిల్ వీల్’. ఇంజినీర్లు ఈ ముందస్తు బిగువును ప్రీస్ట్రెస్ అంటారు. పెద్ద వంతెనల కాంక్రీటు దూలాల్లో ఉక్కు తాళ్ళు లాగి బిగించి పెట్టేదీ దీని కోసమే.

అందుకే చక్రం కట్టేటప్పుడు మేస్త్రి మొదట చూసేది బిగువే. అరవై కిలోలకు బదులు పది కిలోలే ఎక్కించి వదిలేస్తే కింది పుల్లలు పూర్తిగా సడలిపోతాయి. అప్పుడు వాటికి పని ఉండదు, చక్రం మెత్తబడుతుంది, పుల్లలను రిమ్ముకు బిగించే మరచుట్లు, అంటే నిపిళ్ళు, వాటంతటవే విప్పుకుంటాయి.

వదులు పుల్లే ముందు తెగుతుంది

పుల్ల తెగిందంటే బాగా బిగించడం వల్ల తెగిందని మనకు అనిపిస్తుంది. నిజం చాలాసార్లు దీనికి ఎదురుగా ఉంటుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు రెండుంబావు మీటర్లు ముందుకు పోతుంది. అంటే కిలోమీటరుకు సుమారు 450 చుట్లు. రోజుకు పది కిలోమీటర్లు తొక్కే మనిషి సైకిలుకు ఒక్కో పుల్ల రోజుకు నాలుగున్నర వేలసార్లు సడలి, మళ్ళీ బిగుసుకుంటుంది. ఏడాదికి పదిహేను లక్షల పైమాటే. తీగను ఒక్కసారి వంచితే ఏమీ కాదు, అదే చోట పదే పదే అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. బిగువుగా ఉన్న పుల్ల హబ్బు రంధ్రంలో తన మెడను గట్టిగా ఆనించుకుని ఉంటుంది, కదలిక ఉండదు. వదులు పుల్ల ప్రతి చుట్టుకూ ఆ మెడ దగ్గర కదులుతుంది. తెగిన పుల్లలను చూడండి, చాలావరకు ఆ మెడ వంపు దగ్గరే తెగి ఉంటాయి. బరువు ఎక్కువ పడే వెనక చక్రంలోనే ఈ జబ్బు ఎక్కువ. పాత కాలపు నల్ల సైకిళ్ళలో ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40 పుల్లలు పెట్టడానికి కారణం కూడా అదే.

ఒక్క పుల్ల తెగితే మిగతా పెనుగులాటలో సమతూకం పోతుంది. పుల్లలు హబ్బుకు ఎడమ వైపు నుంచి ఒకటి, కుడి వైపు నుంచి ఒకటి వస్తాయి. కుడి పుల్ల తెగితే ఎడమ పుల్ల రిమ్మును తనవైపు లాగేసుకుంటుంది. చక్రం ఊగుతుంది, బ్రేకు రబ్బరుకు ఒకచోట తగులుతుంది.

మేస్త్రి బెండు తీసే తీరు దగ్గర నుంచి చూడదగ్గది. సైకిలును తలకిందులుగా నిలబెడతాడు. ఫోర్కు దగ్గర బొటనవేలి గోరు రిమ్ముకు ఆనీ ఆననట్టు పెట్టి, రెండో చేత్తో చక్రం మెల్లగా తిప్పుతాడు. గోరుకు రిమ్ము గీసుకున్న చోట ఆపుతాడు. రిమ్ము ఎడమకు పోయి ఉంటే అక్కడి కుడి పుల్ల నిపిల్‌ను పావు చుట్టు బిగిస్తాడు, ఎడమ పుల్లను పావు చుట్టు వదులు చేస్తాడు. రెండూ కలిపి చేయకపోతే వంకర పోతుంది గాని చక్రం గుండ్రదనం చెడుతుంది. పావు చుట్టు అంటే పుల్ల పొడవులో మిల్లీమీటరులో పదో వంతు తేడా. అంతకే బిగువులో ఇరవై కిలోల దాకా మార్పు రావచ్చు. రిమ్ము కాస్త లొంగుతుంది కాబట్టి నిజంగా వచ్చేది కొంచెం తక్కువ. కొత్తగా పని నేర్చుకునే కుర్రాడు అర చుట్టు, ఒక చుట్టు తిప్పేసి చక్రాన్ని ఇంకో వైపు వంకర చేసేది ఇందుకే.

చివరికి పుల్లలను వేలితో మీటుకుంటూ పోతాడు. తీగలో బిగువు పెరిగితే స్వరం పెరుగుతుంది, బిగువు నాలుగింతలైతే స్వరం సరిగ్గా రెండింతలవుతుంది. ఒకే వైపు పుల్లలు ఇంచుమించు ఒకే స్వరం పలకాలి. మధ్యలో ఏదైనా ‘డబ్’మని మొద్దుగా పలికితే అది వదులు. ఈ ఊరికి చెవితో జబ్బు పట్టడం కొత్త కాదు. రైలు చక్రాలను సుత్తితో తట్టి, మోతలోని తేడాను బట్టి పగులును పసిగట్టడం రైల్వేల్లో చాలా పాత పద్ధతి. అచ్చు ఉక్కు చక్రమైనా, తీగల చక్రమైనా, లోపలి సంగతిని శబ్దం బయటపెడుతుంది. పరికరాలేవీ లేకుండా ఇంత సూక్ష్మమైన కొలత చేసే చేతులకు మనం ఇచ్చే కూలీ చాలా తక్కువని నా గట్టి నమ్మకం.

గాలి పని కూడా ఇదే

టైరులో గాలి బరువు మోస్తుందంటాం. కాస్త లోతుగా చూస్తే అక్కడా పుల్లల కథే నడుస్తోంది. టైరు రబ్బరు లోపల నూలు లేదా నైలాను దారాల పొరలుంటాయి. గాలి కొట్టగానే ఆ దారాలు బిగుసుకుని రిమ్మును చుట్టూతా బయటికి లాగుతాయి. నేలకు ఆనిన చోట టైరు కాస్త చపటా అవుతుంది, అక్కడి దారాల లాగుడు తగ్గుతుంది, మిగతా చోట్ల తగ్గదు. ఆ తేడాతో రిమ్ము నిలబడుతుంది. టైరులో ఒక చదరపు సెంటీమీటరుకు మూడు కిలోల గాలి ఒత్తిడి ఉండి, చక్రం మీద 54 కిలోలు పడితే నేలకు ఆనే మేర 18 చదరపు సెంటీమీటర్లు, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు మించదు. గాలి సగం పోతే ఆ మేర రెట్టింపవుతుంది. టైరు ఎక్కువ నలుగుతుంది, తొక్కడం బరువవుతుంది.

ఇలా గాలి నింపిన టైరును రాబర్ట్ థామ్సన్ 1840ల్లోనే ఊహించి పేటెంటు తీసుకున్నా వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ దాన్ని మళ్ళీ కనిపెట్టాక సైకిలు తీరే మారిపోయింది. ఆయన పేరుతోనే 1936లో హుగ్లీ జిల్లా సాహాగంజ్‌లో టైర్ల కర్మాగారం వచ్చింది.

“మామా, నిన్ననే గాలి కొట్టించాను, పొద్దున్నకి దిగిపోయిందేటి?” అని వచ్చిన కుర్రాడి ట్యూబును మేస్త్రి నీళ్ళ తొట్టిలో ముంచి, కొంచెం కొంచెంగా తిప్పుతూ బుడగల కోసం చూస్తాడు. బుడగ రాకపోతే వాల్వు ట్యూబు చూస్తాడు. వేలెడు కూడా లేని ఆ సన్నటి రబ్బరు గొట్టం గాలిని లోపలికే పోనిస్తుంది, బయటికి రానివ్వదు. ఎండకు అది చీలికలైతే గాలి ఆగదు. పంచరు దొరికితే ఆ చోట గరుకు కాగితంతో రుద్దుతాడు. పైన పట్టిన దుమ్ము, పాతబడిన రబ్బరు పొర పోయి లోపలి తాజా రబ్బరు బయటపడుతుంది. తర్వాత సొల్యూషను పూసి ఊదుతూ ఆరబెడతాడు. చాలామంది ఖాతాదారులు తొందరపెట్టేది ఇక్కడే, తొందరపడకూడనిదీ ఇక్కడే.

సొల్యూషను అంటే పెట్రోలు లాంటి ద్రావకంలో కరిగించిన రబ్బరు. ద్రావకం ట్యూబు రబ్బరులోకి కాస్త చొచ్చుకుపోయి దాన్ని ఉబ్బిస్తుంది, పొడవాటి రబ్బరు అణువులు సందుల్లోకి దూరతాయి. ద్రావకం ఆవిరయ్యాక ఆ అణువులు ట్యూబు అణువులతో చిక్కుపడి ఉండిపోతాయి. పైన ప్యాచీ వేసి సుత్తితో తడితే రెండు పొరలూ ఒకటవుతాయి. ద్రావకం ఆరకముందే అంటిస్తే అది లోపలే చిక్కుకుని, ఎండకు ఆవిరై ప్యాచీని లేపుతుంది. ప్యాచీ అయ్యాక మంచి మేస్త్రి ఇంకో పని మరచిపోడు. టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తడిమి చూస్తాడు. తుమ్మ ముల్లు మొన అక్కడే దాక్కుని ఉంటే కొత్త పంచరుకు గంట కూడా పట్టదు.

ఏప్రిల్, మే ఎండల్లో ట్యూబు పేలితే “ఎండకు గాలి ఉబ్బి పేలింది” అంటారు. గాలి వేడెక్కితే ఒత్తిడి పెరిగేది నిజమే, ఎంత పెరుగుతుందన్నదే ప్రశ్న. నీడలో ముప్ఫై డిగ్రీలున్న టైరు ఎండలో కాగి అరవై అయిదు డిగ్రీలకు చేరినా, లోపలి ఒత్తిడి ఆరో వంతు కంటే పెరగదు. దానికి మంచి టైరు పేలదు. పేలేది పక్క దారాలు తెగి, ట్యూబు బయటికి తొంగి చూస్తున్న పాత టైరు, లేదా వేడికి మెత్తబడి ఊడిన ప్యాచీ. ఎండ పాత గాయాన్ని బయటపెడుతుంది. కాబట్టి వేసవిలో గాలి సగమే కొట్టించే అలవాటు మానుకోవడం మంచిది. గాలి తక్కువైతే టైరు నలిగి దారాలు ఇంకా త్వరగా తెగుతాయి.

ఎర్ర దుమ్ము, చైను

ఖరగ్‌పూర్ నేల ఎర్ర మురం నేల. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లతో పాటు ఇసుక రేణువులూ దానిలో ఉంటాయి. ఇసుకలోని క్వార్ట్జు చైను ఉక్కును గీయగలిగినంత గట్టిది. చైనుకు నూనె ఎక్కువ పోస్తే పైన ఈ దుమ్ము అంటుకుని, లింకు పిన్నుల సందుల్లోకి జారి లోహాన్ని అరగదీస్తుంది. చైను సాగిందంటాం గాని ఉక్కు పట్టీలు సాగవు, పిన్నులు అరుగుతాయి. నూటికి పైగా లింకుల్లో ఒక్కోదానికి మిల్లీమీటరులో పదో వంతు అరిగినా మొత్తం చైను ఒక సెంటీమీటరు పొడుగవుతుంది. అప్పుడు అది పళ్ళ మధ్య సరిగ్గా కూర్చోక పైకెక్కి జారుతుంది. మేస్త్రులు కిరోసిన్‌తో కడిగి, తుడిచి, ఒక్కో రోలరుకు ఒక్కో చుక్క వేసి, బయటి నూనెను గుడ్డతో పూర్తిగా తీసేయడం అందుకే. నూనె పిన్ను దగ్గర ఉండాలి, బయట కనపడకూడదు.

ఎడమ పెడలు ఎదురు తిరిగేదెందుకు

సొంతంగా పెడలు విప్పబోయిన వాళ్ళకు ఎదురయ్యే వింత ఇది. కుడి పెడలుకు మామూలు మరే ఉంటుంది. ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుంది. మామూలు బోల్టులా విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది. మేస్త్రులు గుర్తుపెట్టుకునే దారి సులువైనది: పానా పైకి నిలబడి ఉండగా దాని కొసను ముందు చక్రం వైపు నెడితే రెండు పెడళ్ళూ బిగుస్తాయి, వెనక చక్రం వైపు నెడితే రెండూ ఊడతాయి.

కారణం ఏమిటి? తొక్కేటప్పుడు పెడలు గోళీల మీద తిరుగుతుంది కాబట్టి, ఆ గోళీల రాపిడి ఇరుసును తనతో పాటు తిప్పి విప్పేస్తుందని, దాన్ని ఆపడానికే ఈ ఏర్పాటని అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి, ఇప్పుడున్న మరలను కూడా ఆ రాపిడి తిప్పేది విప్పే దిశలోనే. అంటే రాపిడి ఒక్కటే ఉంటే మర ఇప్పుడున్న దానికి ఎదురుగా ఉండాల్సింది. దానికంటే బలమైన ఇంకో సంగతి నడుస్తోంది. ఇంట్లోనే చేసి చూడవచ్చు. పిడికిలిని కాస్త వదులుగా మూసి అందులో పెన్సిలు పెట్టండి. పెన్సిలు కొసను రెండో చేత్తో గుండ్రంగా, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి. పిడికిలి గోడల మీద దొర్లుతూ పెన్సిలు తనచుట్టూ తాను ఎదురు దిశలో తిరుగుతుంది.

పెడలు ఇరుసు, అది బిగుసుకునే క్రాంకు కడ్డీ రంధ్రం మధ్య కూడా కంటికి కనపడనంత వదులు ఉంటుంది. మనం తొక్కే బలం ఎప్పుడూ కిందకే పడుతుంది. క్రాంకు తిరుగుతూ ఉంటుంది కాబట్టి క్రాంకు వైపు నుంచి చూస్తే ఆ బలం రంధ్రం చుట్టూ తిరుగుతున్నట్టే లెక్క. ఇరుసు రంధ్రంలో దొర్లుతూ వెంట్రుకవాసి చొప్పున ఎదురు దిశలో తిరుగుతుంది. కుడి వైపు ఆ దిశ మామూలు మరను బిగిస్తుంది. ఎడమ వైపు మామూలు మరను విప్పుతుంది, అందుకే అక్కడ మర తిరగేశారు. ఈ దొర్లుడు గోళీల రాపిడి కంటే ఎన్నో రెట్లు బలమైనది. మర తప్పుగా పెట్టిన పెడలు కొన్నాళ్ళ తొక్కుడుకే చేతితో విప్పేంత వదులవుతుంది. సరిగ్గా పెట్టినది ఏళ్ళ తరబడి తొక్కుతుంటే ఎంతగా బిగుసుకుపోతుందంటే, దాన్ని విప్పడానికి మేస్త్రి పానా కొసకు ఇనప గొట్టం తొడిగి, క్రాంకును కాలితో తొక్కిపట్టి లాగాల్సి వస్తుంది.